మూడు కుటుంబాలు, ఒక టీ తోట: మున్నార్‌కా, కూనూర్‌కా, డార్జిలింగ్‌కా?

టీ తోటల ట్రిప్ అనగానే వాట్సాప్ గ్రూపులో మొదట పడే పేరు మున్నార్. వెంటనే ఒకరు ఊటీ అంటారు. ఇంకొకరు "ఊటీ చూసేశాం కదా" అంటారు. కోల్‌కతా వైపు ఉద్యోగం చేసొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే డార్జిలింగ్ ముందు ఇవన్నీ ఏపాటివని తీసిపారేస్తారు. నాలుగు రోజులు ఫొటోలు పంపుకున్నాక ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల ఊరు ఖాయమవుతుంది. అది మీ గుంపుకి సరిపోయే ఊరో కాదో చూసే ఓపిక అప్పటికి ఎవరికీ ఉండదు.

ఫొటోల్లో అన్ని టీ తోటలూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా చేరే దారిలో, ఉండే చోటులో, వెళ్లే నెలలో ఉంది. ఇక్కడ నేను మాట్లాడేది రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లే ట్రిప్ గురించి. పది పన్నెండు మంది, అందులో మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ ఒకరు, కారెక్కితే కడుపులో తిప్పే పిల్లాడొకడు, గూగుల్‌లో ఉన్న ప్రతి వ్యూ పాయింటూ చూసి తీరాలనే అన్నయ్య ఒకరు, రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వండి చాలు అనే వదిన ఒకరు. ఇలాంటి గుంపుకి నా ఓటు కూనూర్‌కే. పెద్దవాళ్లు రాకుండా, పిల్లలు కాస్త ఎదిగినవాళ్లై, అందరూ మొదటిసారి టీ తోట చూడబోతుంటే మున్నార్. చేతిలో ఆరు రోజులకి తక్కువ ఉంటే డార్జిలింగ్ పేరెత్తొద్దు. తమిళనాడులోని వాల్పరై అందరికీ కాదు, కానీ నచ్చినవాళ్లకి మిగతావేవీ ఆనవు.

ముందు ఘాట్ రోడ్డు లెక్క

ఏ ఊరు అందంగా ఉంటుందన్నది తర్వాత. గుంపులో అందరికంటే తట్టుకోలేని మనిషి ఎవరో చూసి, ఆ మనిషి దారిలో ఎంతసేపు మలుపులు తట్టుకోగలరో ముందు తేల్చుకోండి. నాలుగు గంటల ఘాట్ తర్వాత ఇద్దరు పిల్లలు వాంతులతో నీరసపడితే మొదటి రోజు సాయంత్రం అందరికీ పోయినట్టే.

కొచ్చి విమానాశ్రయం నుంచి మున్నార్ దాదాపు 110 కిలోమీటర్లు. దూరం చూసి రెండున్నర గంటలనుకుంటారు, పట్టేది నాలుగు గంటలు. నేరియమంగలం వంతెన దాటాక కొండ మొదలవుతుంది, మున్నార్ బజారు వచ్చేదాకా రోడ్డు తిన్నగా ఉండదు. దారిలో వాళర, చీయప్పార జలపాతాల దగ్గర బండి ఆపుతారు, పిల్లలకి అక్కడ కాస్త గాలి తగులుతుంది.

కోయంబత్తూరు నుంచి కూనూర్ 70 కిలోమీటర్లు. మేట్టుపాళయం వరకూ చదును రోడ్డే. అసలు ఘాట్ ముప్పై పైచిలుకు కిలోమీటర్లు, 14 హెయిర్‌పిన్ మలుపులు, ట్రాఫిక్ లేకపోతే గంటా గంటన్నర. మున్నార్‌తో పోలిస్తే కొండ మీద ప్రయాణం సగమే. నేను కూనూర్‌కి ఓటేయడానికి సగం కారణం ఇదే.

వాల్పరైకి పొల్లాచ్చి మీదుగా వెళ్లాలి. ఆళియార్ దాటాక 40 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపు దగ్గరా నంబరు రాసి ఉంటుంది. లెక్కపెట్టుకుంటూ వెళ్లడం పెద్ద పిల్లలకి ఆట, కడుపులో తిప్పేవాడికి శిక్ష. తొమ్మిదో మలుపు దగ్గర ఆగి కిందకి చూస్తే ఆళియార్ డ్యామ్ నీళ్లు మొత్తం కనిపిస్తాయి.

బాగ్‌డోగ్రా నుంచి డార్జిలింగ్ 70 కిలోమీటర్లే అయినా మూడు గంటలు వేసుకోండి. సీజన్‌లో ఘూమ్ దగ్గర బళ్లు నిలిచిపోతే నాలుగు కూడా అవుతుంది.

ఏ ఊరికెళ్లినా టెంపో ట్రావెలర్‌లో చివరి వరస ఖాళీగా వదిలి అక్కడ సామాన్లు పెట్టండి. పన్నెండు మంది ఉంటే పదిహేడు సీట్ల బండి మాట్లాడుకోవడం దుబారా కాదు. తిప్పే పిల్లల్ని ముందు వరసల్లో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫోను చేతికివ్వకండి. ఘాట్ ఎక్కేముందు పూరీలూ పరోటాలూ వద్దు, రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. వాంతుల మాత్ర వాడాలనుకుంటే పిల్లల డాక్టర్‌ని ఇంటి దగ్గరే అడిగి పెట్టుకోండి.

కూనూర్: నా ఓటు ఎందుకంటే

ఊటీకి 2,240 మీటర్ల ఎత్తు, కూనూర్‌కి దాదాపు 1,850. ఆ నాలుగు వందల మీటర్ల తేడా వల్ల కూనూర్‌లో చలి పెద్దవాళ్లు తట్టుకునేలా ఉంటుంది. ఊటీ ఊరంతా బస్టాండు, లేక్, బొటానికల్ గార్డెన్, చాక్లెట్ షాపుల మధ్య తిరుగుతుంది. టీ తోటల కోసమే వెళ్తుంటే అక్కడ బస చేయడం అనవసరం. కూనూర్‌లో ఉండి ఒక రోజు ఊటీ చూసి వచ్చేయొచ్చు. కోటగిరి ఇంకా ప్రశాంతం, కానీ పిల్లలు రెండో రోజే "ఇంకేముంది?" అంటారు.

లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ వైపు వెళ్లే రోడ్డు రెండు పక్కలా టీ తోటలే. డాల్ఫిన్స్ నోస్ అంచు నుంచి అవతలి కొండ మీద కేథరిన్ జలపాతం సన్నగా తెల్లగా కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదిలోపు వెళ్తేనే. పదకొండు దాటాక పొగమంచు కమ్మితే ఎదురుగా ఏమీ ఉండదు, పార్కింగ్‌లో మాత్రం బోలెడు బళ్లుంటాయి. 1874లో వేసిన సిమ్స్ పార్క్ బాగుంటుంది కానీ అది కొండవాలులో ఉంది. దిగడం సులువే, ఎక్కడం నాయనమ్మ వల్ల కాదు. ఆవిణ్ణి పై గేటు దగ్గరే ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరో ఒకరు తోడుండాలి.

ఇక పిల్లలందరూ అడిగేది టాయ్ ట్రైన్. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. కూనూర్ వరకు 1899లో, ఊటీ వరకు 1908లో పట్టాలు వేశారు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కల్లార్ నుంచి కూనూర్ మధ్య పట్టాల నడుమ పళ్లున్న ఇనప కడ్డీ ఉంటుంది. ఇంజిన్ కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని బండిని పైకి నెడుతుంది. అవును, నెడుతుంది. ఇంజిన్ వెనక ఉంటుంది, పెట్టెలు ముందు. ఆవిరి ఇంజిన్ కూనూర్ వరకే, అక్కణ్ణుంచి ఊటీకి డీజిల్.

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. మొత్తం ప్రయాణానికే టికెట్లు కావాలని పట్టుబడతారు. పొద్దున ఏడింటికి మేట్టుపాళయంలో ఎక్కితే ఊటీ చేరేసరికి మధ్యాహ్నం. ఇరుకు సీట్లలో దాదాపు ఐదు గంటలు. రైళ్లంటే ప్రాణం పెట్టే పిల్లలుంటే అది జీవితంలో మర్చిపోని ప్రయాణమే. మూడేళ్ల పాపా, మోకాళ్ల నొప్పులూ ఉంటే మాత్రం కూనూర్ నుంచి ఊటీ వరకు ఉన్న 19 కిలోమీటర్ల ముక్క చాలు. గంటా పావు పడుతుంది, రోజుకి కొన్ని బళ్లున్నాయి, లవ్‌డేల్ దాకా కొండలూ తోటలూ కిటికీలోంచే కనిపిస్తాయి. ఆవిరి ఇంజినూ పళ్లపట్టాలూ ఉండవు, అంతే నష్టం. లేదంటే గుంపుని రెండుగా చీల్చండి. ఇద్దరు పెద్దలూ పెద్ద పిల్లలూ మేట్టుపాళయంలో రైలెక్కితే మిగతావాళ్లు బండిలో పైకి వచ్చి కూనూర్ స్టేషన్‌లో కలుస్తారు. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుచుకుంటుంది, సెలవుల్లో నిమిషాల్లో అయిపోతుంది.

నీలగిరికి రెండు చికాకులున్నాయి. ఒకటి ఈ-పాస్, అంటే బండికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవలసిన అనుమతి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి బయటి వాహనాలకి ఇది తప్పనిసరి. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బళ్లకే అనుమతి అని పరిమితి కూడా పెట్టారు. బస్సులోనో రైల్లోనో పైకి వెళ్లేవాళ్లకి పాస్ అక్కర్లేదు. టీఎన్ 43 నంబరున్న స్థానిక బళ్లకీ అక్కర్లేదు. సెలవుల్లో వెళ్తుంటే కోయంబత్తూరు బండి కంటే కూనూర్ బండినే కిందకి పిలిపించుకోవడం తెలివైన పని. రెండోది ప్లాస్టిక్ నిషేధం. వాటర్ బాటిల్ కేసు కొని డిక్కీలో పడేసే అలవాటు అక్కడ చెల్లదు, చెక్‌పోస్టులో దింపేస్తారు. స్టీలు సీసాలు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

మున్నార్ గెలిచేది ఎక్కడంటే

కళ్లకి మాత్రం మున్నార్‌దే పైచేయి, అందులో వాదన లేదు. దానికొక కారణం ఉంది. నీలగిరిలో టీ చాలావరకు చిన్న రైతుల చేతుల్లో ఉంది. ఒక చెక్క టీ, పక్కనే క్యారెట్ మడి, దాని కింద రంగురంగుల ఇళ్లున్న ఊరు. మున్నార్‌లో అలా కాదు. లోయకి లోయ ఒకే కంపెనీ తోట. 2005లో టాటా టీ తప్పుకున్నాక ఏర్పడిన కణ్ణన్ దేవన్ కంపెనీలో తోట పనివాళ్లే వాటాదారులు. అంత విస్తీర్ణం ఒకే రకంగా కత్తిరించి, ఒకే రకంగా దారులు తీసి ఉంచడం వల్లే కొండ మొత్తం పచ్చని మడతల్లా కనిపిస్తుంది. ఫొటోలు చూసి మనసు పారేసుకున్నవాళ్లు కూనూర్ వెళ్తే కాస్త నిరాశ పడతారు, ఆ మాట ముందే చెప్పేయడం మంచిది.

మున్నార్ బజారుకి దగ్గర్లో నల్లతన్ని ఎస్టేట్‌లో టీ మ్యూజియం ఉంది. సోమవారం సెలవు. మ్యూజియం అనగానే పిల్లలు ముఖం మాడుస్తారు గానీ ఇక్కడ యంత్రాలు తిరుగుతూ ఉంటాయి. ఒకప్పుడు మున్నార్‌లో చిన్న రైలు కూడా నడిచేది, 1924 వరదల్లో పట్టాలతో సహా కొట్టుకుపోయింది. ఆ వైపు కథ చెప్తూ నడిస్తే పిల్లలు వింటారు.

ఎరవికుళం నేషనల్ పార్క్‌లో వరయాడు అనే కొండమేకలు మనుషులకి బెదరకుండా రోడ్డు పక్కనే మేస్తుంటాయి. పక్కనే 2,695 మీటర్ల ఆనముడి, దక్షిణాదిలో ఇంతకంటే ఎత్తైన శిఖరం లేదు. కానీ వరయాడులు ఈనే కాలం కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పార్కు మూసేస్తారు. ఆ నెలల్లో వెళ్లి గేటు దగ్గర నిలబడి తిట్టుకునే తెలుగు కుటుంబాలు ఏటా కనిపిస్తాయట. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి కోసమే వెళ్లాలనుకుంటే 2018 అయిపోయింది, మళ్లీ 2030.

కొలుక్కుమలై సూర్యోదయం గురించి ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సూర్యనెల్లి నుంచి జీపులో వెళ్లాలి, తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. తోట తమిళనాడులో ఉంది, దారి మాత్రం కేరళ వైపు నుంచే. పైన మబ్బులు కాళ్ల కింద పరుచుకుని, వాటి మీద సూర్యుడు లేవడం చూస్తే మాటలు రావు. ఆ జీపు దారి మాత్రం దారి కాదు, రాళ్ల మీద రాళ్లు. గర్భిణులూ నడుం నొప్పివాళ్లూ చిన్న పిల్లలూ వద్దే వద్దు. జీపులో తల పైకి తగలకుండా పట్టుకోవడమే సగం పని.

మున్నార్‌తో నా ఫిర్యాదు ఒక్కటే, అక్కడ రోజంతా బండిలోనే గడుస్తుంది. మాట్టుపెట్టి, ఎకో పాయింట్, కుండళ, టాప్ స్టేషన్ అని ఒకే రోడ్డు మీద అన్నీ వరసగా ఉంటాయి. సెలవు రోజుల్లో ఆ రోడ్డు మీద బళ్లు చీమల బారులా కదులుతాయి. మూడు రాత్రులుంటేనే మున్నార్ వెళ్లండి. ఆ వరసలో ఒకటి రెండు ఎంచుకుని మిగతావి వదిలేయండి. ఏవి వదలాలో పాయింట్ల అన్నయ్యని ముందే ఒప్పించి పెట్టుకోవాలి.

తిండికి ఇబ్బంది ఉండదు. కేరళలో ఉన్నా తోటల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది తమిళులే, బజార్లో ఇడ్లీ దోసెలకి లోటు లేదు. భోజనంలో లావు ఎర్ర బియ్యం వస్తే పిల్లలు ముట్టుకోరు, తెల్లన్నం ఉందా అని ఆర్డరిచ్చే ముందే అడగండి. ఆవకాయ జాడీ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

డార్జిలింగ్ ఎవరికి

టీ తెలిసినవాళ్లకి డార్జిలింగ్ గొప్పదే. అక్కడి పొదలు చిన్నాకు చైనా రకం, కొండవాలు నిట్టనిలువు. మార్చి, ఏప్రిల్‌లో తీసే మొదటి కోతా, మే, జూన్‌లో తీసే రెండో కోతా లోకమంతా పోటీపడి కొంటుంది. అయితే మనలో చాలామంది తాగేది పాలూ పంచదారా అల్లం వేసి మరిగించిన టీ. డార్జిలింగ్ ఆకుని అలా మరిగిస్తే అటు ఆ వాసనా ఉండదు, ఇటు మనకి కావలసిన చిక్కదనమూ రాదు.

అసలు చిక్కు కాలంతో వస్తుంది. మే నెలలో తోటలు కళకళలాడుతుంటాయి, కాంచన్‌జంగా మాత్రం మబ్బుల వెనక దాక్కోవడమే ఎక్కువ. 8,586 మీటర్ల ఆ కొండ స్పష్టంగా కనిపించేది అక్టోబరు, నవంబర్ నెలల్లోనూ చలికాలంలోనూ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అక్కడ ఆకు కోత ఉండదు, పొదలకి నిద్రకాలం. దక్షిణాదిలో ఏడాది పొడవునా కోస్తారు కాబట్టి మనకి ఈ సంగతి తట్టదు. సంక్రాంతి సెలవుల్లో డార్జిలింగ్ వెళ్లి "కోసేవాళ్లు ఒక్కరూ లేరేంటి?" అనుకుంటే తప్పు తోటది కాదు. ఇక దసరా సెలవులు దుర్గాపూజ సెలవులతో కలిసిపోతాయి. బెంగాల్ మొత్తం ఆ వారం కొండెక్కుతుంది.

ఊరికి ఆనుకునే హ్యాపీ వ్యాలీ తోట ఉంది, 1854 నాటిది. కిందకి దిగే దారి నిటారుగా ఉంటుంది, అది గుర్తుంచుకోండి. చిన్న రైలు ఇక్కడా ఉంది. 1881 నుంచి నడుస్తోంది, 1999లో యునెస్కో జాబితాకెక్కింది. డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి తిరిగి వచ్చే రెండు గంటల జాయ్ రైడ్ పిల్లలకి సరిపోతుంది. ఇళ్ల గుమ్మాలకి, దుకాణాల అరుగులకి చెయ్యి తగిలేంత దగ్గరగా వెళ్తుంది బండి. ఈ ఒక్క విషయంలో నీలగిరి రైలు కంటే ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

హైదరాబాద్ నుంచి రానూపోనూ ప్రయాణానికే రెండు రోజులు పోతాయి. పన్నెండు మంది విమాన ఖర్చు కోయంబత్తూరుతో పోలిస్తే బాగా తేడా వస్తుంది. పిల్లలు ఇంటర్ దాటి, నడవగలిగిన పెద్దవాళ్లు మాత్రమే ఉంటే ఇది మంచి ట్రిప్.

వాల్పరై, వయనాడ్, మరి అరకు?

వాల్పరైలో చూడ్డానికి ఏమీ లేదనేవాళ్లు నిజమే చెప్తున్నారు. పాయింట్లు తక్కువ, షాపింగ్ లేదు, పెద్ద హోటళ్లు లేవు. చుట్టూ ఆనమలై పులుల అభయారణ్యం, మధ్యలో టీ తోటలు. సింహపు తోకలా చివర కుచ్చున్న తోకతో, ముఖం చుట్టూ తెల్లని జూలుతో ఉండే నల్లకోతులు రోడ్డు పక్క చెట్ల మీదే కనిపిస్తాయి. సాయంత్రమైతే ఏనుగులు తోటల్లోంచి దాటుతుంటాయి. చీకటి పడ్డాక బయట తిరగడం కుదరదు. రెండు కుటుంబాలు, పుస్తకాలూ పేకముక్కలూ తీసుకెళ్లి కబుర్లు చెప్పుకోవాలనుకునే రకం అయితే దీనికి మించింది లేదు. మూడో కుటుంబం మొహమాటానికి వస్తుంటే తీసుకెళ్లకండి.

వయనాడ్ టీ అంటే మేప్పాడి వైపు తోటలు. 2024 జులై 30న కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల ఊళ్లు తుడిచిపెట్టుకుపోయింది ఆ వైపే. జిల్లాలో మిగతా చోట్లకి పర్యాటకులు వెళ్తూనే ఉన్నారు, వెళ్లడం అక్కడివాళ్లకి మేలే. కానీ వానాకాలంలో పిల్లలతో ఆ వాలుల్లో బస చేయమని నేను చెప్పను. పైగా ఎత్తు తక్కువ, వేసవిలో చల్లదనం ఆశించి వెళ్తే ఉక్కపోస్తుంది.

అరకులో ఉన్నది కాఫీ. "అరకు టీ తోటలు" అని వెతికేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి చెప్తున్నా. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియం తీగల మధ్య పెరిగే కాఫీ తోటల్లో నడవడం వేరే రకం ఆనందం. డిసెంబర్‌లో ఎర్రటి పళ్లు కొమ్మల నిండా ఉంటాయి. విశాఖ, విజయనగరం, రాజమండ్రి వాళ్లకి రెండు రోజులే సెలవు దొరికితే కూనూర్ కలలు పక్కన పెట్టి రైల్లో సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు వెళ్లడమే ఉత్తమం. పచ్చని తివాచీలా టీ కావాలంటే మాత్రం అది అక్కడ దొరకదు.

సెలవుల్ని బట్టి

మనకి బడులు ఏప్రిల్ ఆఖర్లో మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఈ కాలంలో వెళ్తుంటే మే మొదటి పదిహేను రోజుల్లోనే మున్నార్ ముగించుకోండి. జూన్ మొదటి వారానికల్లా కేరళలో ఋతుపవనాలు దిగుతాయి, ఆ వానలో తోట చూడ్డానికి బావుంటుంది, తిరగడానికి కాదు. జలగలు కూడా బయటికొస్తాయి. చేతిలో ఉప్పు పొట్లం ఉంచుకోండి. ఊటీలో మే నెల పూల ప్రదర్శన, కూనూర్‌లో పండ్ల ప్రదర్శన ఉంటాయి. జనం కూడా దానికి తగ్గట్టే ఉంటారు.

దసరాకి నీలగిరి కొంచెం జూదమే. కూనూర్, కోటగిరి వైపు ఈశాన్య ఋతుపవనాల వాన ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబర్ మధ్య పట్టాల మీద మట్టిపెళ్లలు పడి మేట్టుపాళయం రైలు రద్దవడం మామూలే. ఆ రైలు కోసమే వెళ్లేవాళ్లు దసరాకి పెట్టుకోవద్దు. మున్నార్‌లో కూడా ఆ నెలలో మధ్యాహ్నం తర్వాత ఉరుముల వాన ఉంటుంది, పొద్దున పూట బాగుంటుంది.

సంక్రాంతి సెలవులు అన్నిటికంటే మంచివి, చలికి సిద్ధపడితే. జనవరిలో మున్నార్ చుట్టుపక్కల తోటల్లో తెల్లవారుజామున సున్నా డిగ్రీలకి దిగిన రోజులున్నాయి, టీ ఆకుల మీద మంచు తెల్లగా గడ్డకడుతుంది. తమిళనాడులో పొంగల్ సెలవులు అవే రోజులు కాబట్టి ఊటీ వైపు గదుల ధరలు మండిపోతాయి. పండగ రోజు ఇంట్లో గడిపి ఆ తర్వాతి వారం వెళ్లగలిగితే రెండూ దక్కుతాయి. పిల్లలకి మూడు రోజులు బడి పోతే పోయింది.

హైదరాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరులో దిగి కూనూర్ వెళ్లొచ్చు, ఆలువాలో దిగి మున్నార్ వెళ్లొచ్చు. విజయవాడ నుంచి కేరళ ఎక్స్‌ప్రెస్ ఉంది. బెంగళూరు, మైసూరు మీదుగా సొంత కార్లలో వెళ్లాలనుకుంటే బండీపూర్ అడవి గేట్లు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు మూసి ఉంటాయి. రెండు కార్లు, ఒకటి ముందు ఒకటి వెనక, మైసూరు చేరేసరికి ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. పిల్లలతో అంత దూరం డ్రైవ్ నా దృష్టిలో వృథా శ్రమ.

బస: మొత్తం బంగళా తీసుకుంటే

మూడు కుటుంబాలైతే హోటల్లో మూడు గదుల కంటే నాలుగైదు గదులున్న పాత ఎస్టేట్ బంగళా మొత్తం తీసుకోవడం మేలు. పిల్లలు లాన్‌లో పడి ఆడుకుంటారు, పెద్దవాళ్లు వరండా దాటకపోయినా టీ తోట చూసినట్టే. రెస్టారెంట్‌లో రెండు టేబుళ్లు కలపమని బతిమాలే పని ఉండదు. ఇంకో లాభం ఏమిటంటే, టీ తోటలు ప్రైవేటు ఆస్తి. రోడ్డు పక్క ఫొటో దిగడం వరకే మన హద్దు, లోపలికి నడిచి వెళ్తే కాపలావాళ్లు ఊరుకోరు. తోటలో బస చేస్తే వాళ్లే ఒక మనిషినిచ్చి పొద్దున్నే నడిపిస్తారు.

అడ్వాన్స్ కట్టేముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. చివరి రెండు కిలోమీటర్లు ఎలాంటి రోడ్డు, టెంపో ట్రావెలర్ లోపలిదాకా వస్తుందా? కింది అంతస్తులో వెస్టర్న్ టాయిలెట్ ఉన్న గది ఉందా? రాత్రి భోజనం ఎన్నింటికి, ఏం వండుతారు? వేడినీళ్లు ఏ వేళల్లో? మాకొకసారి బంగళావాళ్లు "బండి గుమ్మందాకా వస్తుంది" అన్నారు. వచ్చేది జీపు మాత్రమేనని అక్కడికెళ్లాక తెలిసింది. సామాన్లు తలల మీద మోసుకుంటూ చీకట్లో దిగాం.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. గదులు కుటుంబానికింత, బండీ తిండీ మనిషికింత, ఐదేళ్లలోపు పిల్లలకి లెక్క లేదు. ఈ పద్ధతిలో తగాదా వచ్చినట్టు నేను చూడలేదు. అందరి దగ్గరా సమానంగా వసూలు చేసి ఒకరి చేతిలో పెట్టండి. కొంత నోట్ల రూపంలో ఉండాలి, తోటల మధ్య సిగ్నల్ లేక ఫోన్‌పే ఆగిపోతుంది.

ఫ్యాక్టరీకి మాత్రం వెళ్లి తీరండి

ఎక్కడికెళ్లినా పని నడుస్తున్న ఫ్యాక్టరీ ఒకటి చూపించండి. కూనూర్‌లో హైఫీల్డ్, ఊటీలో దొడ్డబెట్ట దారిలో ఉన్నది, మున్నార్‌లో లాక్‌హార్ట్. ముందు ఆకుని పొడవాటి తొట్లలో పరిచి కింద నుంచి గాలి కొడతారు. రాత్రంతా వాడాక ఆకు మెత్తబడి, పిడికిట్లో నొక్కితే విరగకుండా ముద్దవుతుంది. తర్వాత పళ్లున్న ఇనప రోలర్ల మధ్య నుంచి వెళ్తుంది. ఇవతల ఆకుగా పోయింది అవతల గోరింటాకు ముద్దలా పడుతుంది. పిల్లల్ని అక్కడ నిలబెట్టి ఆ ముద్ద రంగు చూడమనండి. పట్టా మీద కదులుతూనే పచ్చదనం పోయి రాగి రంగు తిరుగుతుంది. గాలి తగిలి మారడం తప్ప అందులో ఎవరూ ఏమీ కలపరు. ఆరబెట్టే యంత్రంలోంచి బయటపడేసరికి మన వంటింటి డబ్బాలో ఉండే నల్లటి పొడి. కిలో పొడికి నాలుగు కిలోల పైనే పచ్చాకు కావాలి. ఆదివారాలు చాలా ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఆగి ఉంటాయి, మధ్యలో రోజు ఎంచుకోండి.

తోటలో ఆకు తెంపి నోట్లో పెట్టుకోనివ్వకండి, మందు కొట్టి ఉంటారు. కోసేవాళ్లకి కూలి తూకాన్ని బట్టి ఉంటుంది. ఫొటో కోసం వాళ్లని ఆపితే ఆ సమయం వాళ్లదే పోతుంది. అడిగి తీసుకోండి, ఊరికే తీసుకోకండి.

టీ పొడి కొనేటప్పుడు అద్దాల డబ్బాల్లో ఉన్న వైట్ టీ, గ్రీన్ టీ దగ్గర జనం గుమిగూడతారు. మన పాల టీకి కావలసింది సీటీసీ (ఆ పళ్ల రోలర్లలో నలిగి తయారైన రకం) డస్టు, లేదా సన్న గింజ. నీలగిరి పొడికి వాసన ఎక్కువ, చిక్కదనం కాస్త తక్కువ. ఇంట్లో వాడే అస్సాం పొడిలో సగానికి సగం కలిపి చూడండి. మూడు నాలుగు నెలలకి సరిపడా చాలు. ఆ తర్వాత వాసన తగ్గిపోతుంది, ఎంత గట్టి మూతైనా సరే. పక్కింటివాళ్లకి ఇవ్వడానికి పావుకిలో పొట్లాలు ఫ్యాక్టరీ కౌంటర్లోనే తీసుకోండి, అదే రకం ఊటీ కమర్షియల్ రోడ్డు మీద ఎక్కువ ధర పలుకుతుంది.